వంత

పోస్టరు మీద నా పేరు కొండ.
మిగతా సగం, అప్పల,
లింగరాజపురంలో రెండో అంతస్తు గదిలో ఉంటుంది.
అద్దె కట్టేది మాత్రం కొండే.

నెలకి పద్దెనిమిది రోజులు ఊళ్లు తిరుగుతాడు కొండ.
షిల్లాంగ్ చలిలో, కొచ్చి చెమటలో,
గుర్‌గావ్‌లో ఏదో కంపెనీ పదేళ్ల పండక్కి
జముకు వాయిస్తాడు.
నాలుగో పాటలో, షెల్డన్ బేస్ గిటార్ తగ్గించాక,
నలభై సెకన్లు వాడివి.
జనం ఫోన్లు పైకెత్తుతారు.
స్టేజి దిగాక ఎవరో ఒకరు అడుగుతారు,
ఇదేంటండీ, డబ్బాకి తీగ కట్టారా?
అవునండీ అంటాడు. విమానం టైమవుతుంటుంది.
వాణ్ని తిట్టను.
మైకు కొన్నది వాడు. పిప్పిపన్ను పీకించింది వాడు.

అప్పలది వేరే పని.
రాత్రి రెండింటికి, పై ఇంటి మోటారు ఆగి,
బాణసవాడి వైపు గూడ్సు బండి వెళ్లిపోయాక
బీరువా తలుపులు రెండూ తెరిచి
వేలాడే చొక్కాల మధ్య తల దూర్చి
కత చెబుతాడు.

మా చినతాత దీన్ని ఒక్క రాత్రిలో చెప్పేవాడు.
దీపాలు పెట్టాక మొదలెడితే
రాణి ఏరు దాటేసరికి కోడి కూసేది.
నాకు పదకొండు నెలలైంది.
రాణి ఇంకా ఏటి మధ్యలోనే ఉంది,
నడుంలోతు నీళ్లలో, చంకన పిల్లతో.
పుణె వెళ్లొచ్చాను, కదల్లేదు.
జ్వరం వచ్చి తగ్గింది, కదల్లేదు.
ఒక్కోసారి విమానంలో
కిటికీకి తల ఆనించి కునుకు తీస్తుంటే
పిక్కల దగ్గర చల్లగా తగులుతుంది.

వానాకాలం ఈ ఊళ్లో తోలు మాట వినదు.
గ్యాసు పొయ్యి సన్న సెగ మీద
అప్పడంలా తిప్పి తిప్పి కాచుకోవాలి.
అదొక పెద్ద చిక్కు కాదు.

చిక్కేమిటంటే
ఇది ఒక్కడు చెప్పే కత కాదు.
"వంత నేకపోతే అది కత కాదురా గుంటడా,
గొణుగుడు" అనేవాడు చినతాత.
అందుకని ముందు నన్ను నేను రికార్డు చేసుకుని
చెవులకి తగిలించుకుని వింటూ
రెండో ట్రాకులో నాకు నేనే వంత పడతాను.
ఊఁ అంటాను. ఆ తరవాత? అంటాను.
తరవాతేమిటో తెలిసినవాడి గొంతులో
ఆ ప్రశ్న ఎంత దొంగదో
మీరైతే ఇట్టే పట్టేస్తారు.
చెరిపేస్తాను.

మా బ్యాండులో పాడే మహాదేవికీ ఒక హార్డ్ డిస్కుంది.
వక్కల సంచిలో దాచుకు తిరుగుతుంది, మూడేళ్లుగా.
వ్యానులో ఎదురెదురుగా కూచుంటాం.
అన్నీ మాట్లాడుకుంటాం,
ఇంట్లో నలతగా ఉన్న పిల్లల సంగతి
ఒకరినొకరు అడగనట్టు
అదొక్కటి ఎత్తం.

నిన్న తెల్లవారుజామున మూడున్నరకి
హైదరాబాదు షో ముగించుకొచ్చి
పెట్టె ఈడ్చుకుంటూ గేటు దగ్గర ఆగితే
వాచ్‌మన్ జగబంధు, రాయగడ మనిషి,
తాళం తీస్తూ, తన ఒడియా యాస తెలుగులో
మెల్లగా అడిగాడు:
"ఆ తరవాత? ఆమె దాటిందా?"

ఎవరు, అనబోయి ఆగాను.
మా వంటింటి కిటికీ కింద కుర్చీ వేసుకుంటాడట.
నేను ఊళ్లో లేని రాత్రులు కూడా
అలవాటుకొద్దీ అక్కడేనట.

సాయంత్రం వైట్‌ఫీల్డ్‌లో షో.
కొండ పడుకోవాలి.
జగబంధుని పైకి రమ్మన్నాను. గేటు వదిలి రాకూడదన్నాడు.
జముకు పట్టుకుని నేనే దిగాను.
మైకు వైరు మెట్ల మలుపు దాకానే వచ్చింది.
అక్కడే, ఎవరివో చెప్పులు పక్కకి జరిపి,
కూచున్నాను.

నీళ్లు నడుం దాటి పైకొస్తున్నాయి, అన్నాను.

ఊఁ, అన్నాడు కింద చీకట్లోంచి.
వెనక ఏదో కుక్క అరిచింది.
చెరపను.