కిర్రు

వేసవి చివర్లో
నా సైకిలుకొక కిర్రు పట్టుకుంది.
బలం పెట్టి తొక్కినప్పుడే,
అదీ కుడికాలు దిగినప్పుడే.
ఆగి చెవి ఒగ్గితే
దొంగలా నోరు మూసుకునేది.

పన్నెండేళ్ళ బండి.
గొర్రెలు నాకిన ఉప్పుగడ్డలా
ఫ్రేము మీద రంగు గుంటలు గుంటలుగా పోయింది.
వెనకచక్రంలో రెండు పుల్లలు వేరే జాతివి.
చైను సాగిందో లేదో చూసే ఇనపముక్క
బస్సు తాళాల గుత్తికే వేలాడుతుంది.
పొద్దున్నే పిల్లల్ని బళ్ళో దించేశాక
మధ్యాహ్నం గంట కొట్టేదాకా
కొండ నాది.

మాది పలకరాయి కొండ.
మా తాతలు దాన్ని చీల్చి చీల్చి
మంచి పలకలన్నీ ఎవరెవరి ఇంటికప్పులకో ఎక్కించి
పగిలినవి ఇక్కడే పారబోశారు.
ఆ పారబోతల మీద మా దారి.
తడిస్తే నీలం, ఆరితే బూడిద,
టైరు కింద గాజుల మలారంలా గలగలమంటుంది.
వాన సంగతి చెప్పను.
వేల్స్‌లో వాన పడని రోజునే చెప్పుకుంటాం.

కిర్రు కోసం
ఎన్ని ఆదివారాలు షెడ్డులో బాసింపట్టు వేశానో!
పెడళ్ళు విప్పి గ్రీజు పెట్టాను.
ఎడమదాని మర తిరగేసి ఉంటుందని
ఈసారీ మరిచిపోయి
వేళ్ళ కణుపులు చెక్కుకుపోయాయి.
సీటు గొట్టం లాగితే
లోపల్నుంచి పోయినేటి బురద కారింది.
చివరికి ఇరుసే మార్చాను, నలభై పౌండ్లు.
కొత్త ఇరుసు మీద కూడా
కిర్రుచెప్పులు తొడుక్కున్న పెళ్ళికొడుకులా
దర్జాగా నాతోపాటు కొండెక్కింది.

"నీ మోకాలేమో చూసుకో ఎలునెద్" అన్నాడు
కొట్టులో గెథిన్.
చూసుకున్నాను కూడా.
మోకాలి చప్పుడు వేరు, లోతుగా ఉంటుంది.

అక్టోబరులో ఒకరోజు
ఏటవాలు మీద, ఊపిరందక
సీటు వదిలి నిలబడి తొక్కాను.
కిర్రు లేదు.
కూచున్నాను. ఉంది.
మళ్ళీ నిలబడ్డాను, పిచ్చిదానిలా నవ్వుతూ.
సీటును పట్టుకునే రెండు మరల్లో
ఒకటి పావుచుట్టు వదులు.
అంతే.
మూడు నెలలకి పావుచుట్టు.

మర్నాడు పాత ట్రాలీ పట్టాల దారిలో
బండి నీళ్ళలా పోయింది.
ఫెర్న్ పొదలు టైరుకి రాసుకునే చప్పుడు
మొదటిసారి విన్నాను.
మలుపు తిరిగానో లేదో
దారి నట్టనడుమ హెద్విన్, అతని కుక్క.

ఎనభైరెండేళ్ళాయనకి.
గనిలో డ్రిల్లు పట్టిన చేతులు, పొర కమ్మిన కళ్ళు.
ఇన్నాళ్ళూ నేను వచ్చేసరికి
గోడవారకి ఒదిగి, కుక్క మెడపట్టీ పట్టుకుని
నా పేరు పెట్టి పలకరించేవాడు.
పెద్దమనిషి మర్యాద అనుకున్నాను.

రెండు బ్రేకులూ నొక్కాను.
వెనకచక్రం పక్కకి జారి
పలకల మీద గీత గీసి
అతని చేతికర్రకి జానెడు దూరంలో ఆగింది.

"ఎవరది?"
"నేనే, ఎలునెద్‌ని."
"కాదు" అన్నాడు, తల అటు తిప్పి.
"ఎలునెద్ వస్తే ముందు చప్పుడొస్తుంది."

గెథిన్ దగ్గర గంట కొన్నాను.
ఇత్తడిది, చిన్నది, పిచిక గొంతు.
గురువారం మలుపుకి ముందే మోగించాను.
హెద్విన్ పక్కకి తప్పుకున్నాడు.
టోపీ ఎత్తి,
సెలవులకొచ్చిన పరాయివాళ్ళతో మాట్లాడినట్టు,
ఇంగ్లీషులో థాంక్యూ అన్నాడు.

ఆ రాత్రి షెడ్డులో
దీపం పురుగుల్ని తోలుకుంటూ
చైను తుడిచాను, నూనె చుక్కలు పెట్టాను,
ముందు ప్యాడ్లు ఇంకో నెల వస్తాయనుకున్నాను.
తర్వాత
సీటు కింద మరకి తాళం తగిలించి
కొంచెంసేపు అలాగే కూచున్నాను.

నిన్న కొట్టు ముందునుంచి పోతుంటే
గెథిన్ తలుపులోంచి కేకేశాడు,
"ఇంకా దొరకలేదా అది?"

"వెతుకుతున్నా" అని అరిచి
బలం పెట్టి తొక్కాను.