పల్చటి బండ

ఎర్రగుంట్ల దాటి నిడుజువ్వి దోవలో
నాపరాయి గనుల మధ్య మా రేకుల చర్చి.
జయదానం అయ్యగారు గుడ్డ మీద గీయించిన కడవరి దినాల పటం
రెండు మేకులకు వేలాడేది.
ఏడు తలల మృగానికి రంగులేసింది
లారీల వెనక నెమళ్ళేసే మస్తాన్.
అందుకే దాని ఆరో తల
కొంచెం నవ్వుతున్నట్టుండేది.

మా అవ్వకు రెండు పేర్లు.
రేషన్ కార్డులో ఓబులమ్మ, బాప్తిస్మంలో మార్తమ్మ.
కడబూర మోగిన రోజు ఏ పేరుతో పిలుస్తారోనని
రెండింటికీ పలికేది.

ఆమెకు మృగంతో పనిలేదు, అంకెలతో పనిలేదు.
అడిగేదల్లా ఒకటే:
ఇద్దరు ఆడోళ్ళు తిరగలి విసురుతుంటారంట,
ఒకామెను తీసుకపోతారంట,
ఒకామె మిగిలిపోతాదంట.

"మాది తిరగలి కాదు, సమ్మెట.
బండ లేపుతాండాం, నేనూ లక్ష్మీదేవీ.
ఆ పొద్దు మధ్యాన్నం సైరను కుయ్యలేదు.
నీళ్ళ బుడ్డి కోసమని పక్కకు పోయినా.
తిరిగి చూస్తే
దుమ్ము.
మూడు దినాలు తవ్వినారు. దొరకలే.
ఇప్పుడా గుంత నిండా నీళ్ళు."

జయదానం అయ్యగారు చెప్పినాడు:
ఎత్తబడినామె ధన్యురాలు,
మిగిలినామెకు ఏడేళ్ళ శ్రమలు.
అవ్వ వేళ్ళు మడిచి లెక్కేసింది.
ఏడేళ్ళు. మళ్ళా ఏడేళ్ళు.
వేళ్ళు చాలలేదు.

తర్వాత ప్రొద్దుటూరు నుంచి కొత్త పాస్టరు,
ఇమ్మానియేలు, బైకు మీద, ల్యాప్‌టాప్ సంచితో.
పటం చుట్టి బీరువా మీద పెట్టించినాడు.
అట్లా కాదవ్వా, జలప్రళయం గుర్తు తెచ్చుకో,
నీళ్ళు తీసుకపోయింది చెడ్డోళ్ళను.
మిగిలినోడు నోవహు. మిగలడమే కృప.

అవ్వ చాలాసేపు మాట్లాడలేదు.
"అయితే లక్ష్మీదేవి చెడ్డదా నాయనా?
నాకు సగం పెట్టకుండా రొట్టె తిన్లేదే ఒక్కనాడూ.
నేను బాలింతనై పండుకుంటే
నా వంతు రాయి గూడా తానే కొట్టె.
శనివారం ఎంగటేసునికి ఒక్కపొద్దుండేది,
ఆదివారం నన్ను చర్చికి తోలేది.
ఆయమ్మను తీసుకపోయింది మేలుకా, కీడుకా,
ముందు అది చెప్పు.
నన్నెందుకు ఇడిసిపెట్నారో తర్వాత చెబ్దువులే."

గ్రీకులో ఆ మాటకు, అని మొదలుపెట్టి
పాస్టరు గమ్మున కూర్చున్నాడు.
ఆ పొద్దు నుంచి ఆయనంటే నాకిష్టం.

మొన్న శ్రావణంలో పోయింది అవ్వ, నిద్రలో,
ఏ సైరనూ లేకుండా.
సమాధి గురించి ముందే చెప్పి పెట్టింది:
"మందం బండ వద్దు, పల్చటిది పరచండి.
నలభై ఏండ్లు లేపినా, దాని బరువు నాకు తెలుసు.
లేచినాక నాకు
ఆ గని దాకా పోయే పనుంది.
ఆడ ఇంకో బండ లేపాల."

మస్తాన్ కొడుకు మిషన్ మీద కోసిచ్చినాడు,
ముప్పావంగుళం. డబ్బు తీసుకోలేదు.
రెండు పేర్లకు జాగా లేదన్నాడు.
ఏది చెక్కాలో మేమింకా తేల్చుకోలేదు.
వాన పడినప్పుడు
ఖాళీ బండ నల్లగా మెరుస్తాది.