తూకం మీద వేలు

సెమొన్‌కాంగ్ దాటాక గుర్రం మీద మూడు గంటలు.
రాతి గోడలు, గడ్డి కప్పు,
తలుపు ఉండాల్సిన చోట పాత కంబళి.
గొర్రెలు దొడ్లో పడ్డాకే మా బడి మొదలు.

కర్రలు గుమ్మానికి ఆనించి
కుక్కల్ని బయటే కూర్చోమని గదిమి
లోపలికొస్తారు.
ఎనిమిదేళ్ళవాడూ పద్నాలుగేళ్ళవాడూ
అందరిదీ రెండో తరగతే.
గదంతా పొగ వాసన, తడి ఉన్ని వాసన.

నేను మొదట టీచర్ని కాను.
పంతొమ్మిదేళ్ళు ఉన్ని కత్తిరించే షెడ్డులో
తూకం రాశాను.

ఈ రాత్రి బోర్డు మీద రాశాను:

8 + 5 = □ + 4

"పదమూడు!" అన్నారు అందరూ ఒక్క గొంతుతో.
గడిలో పదమూడుని కూర్చోబెట్టి
పక్కన మిగిలిన నాలుగుని
ఎవరి కుక్కో అన్నట్టు వదిలేశారు.

వాళ్ళ తప్పేం లేదు.
ఇన్నాళ్ళూ ఆ రెండు గీతలు
"ఊఁ, జవాబు చెప్పు" అనే
గద్దింపులాగే వినపడ్డాయి వాళ్ళకి.

ఒక కర్ర తీశాను. నడుముకి తాడు,
చివర్లకి రెండు చేపల డబ్బాలు,
వాగులో ఏరిన ఒకే సైజు రాళ్ళు.
ఎడమ డబ్బాలో ఎనిమిది, ఆపైన ఐదు.
కుడి డబ్బాలో వాళ్ళ పదమూడూ, నా నాలుగూ.
కర్ర నేలకి ఒరిగింది. గది ఘొల్లుమంది.

పొనో, అందరికన్నా చిన్నవాడు,
మోకాళ్ళ మీద కూర్చుని
ఒక్కో రాయీ తీస్తూ పోయాడు
నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని.
నాలుగో రాయికి కర్ర లేచి
ఊగి, ఊగి, నిలబడింది.

అప్పుడు చెప్పాను వాళ్ళకి
షెడ్డుకొచ్చే ఉన్ని వ్యాపారి సంగతి.
పడికట్ల పళ్ళెం మీద
అతని బొటనవేలు ఉండేది, మెల్లగా, మర్యాదగా.
మా అమ్మ ఏడాది పొడుగునా పెంచిన ఉన్నిలో
రెండు కిలోలు ఆ వేలి కింద పోయాయి.
అంకె రాసింది నేనే.

సమానం అంటే జవాబు కాదురా,
అందరూ చేతులు తీసేశాక
కర్ర చెప్పే సాక్ష్యం.

"మరి అవతలి వైపు ఏమీ లేకపోతే?" అన్నాడు త్సెలిసో.
23 + □ అని రాసి ఆగాను.
ఇది సమాసం.
"చెవి చిరిగిన గొర్రె" అని ఊరుకుంటే
నిజమంటావా, అబద్ధమంటావా?
ఏమీ అనలేవు. మాట ఇంకా నడకలోనే ఉంది.
"చెవి చిరిగిన గొర్రె ఇల్లు చేరింది."
ఇప్పుడు అడగొచ్చు. ఇప్పుడు పట్టుకోవచ్చు నన్ను.
అది సమీకరణం.

ఎప్పుడూ నోరు విప్పని మోఖెతి లేచాడు.
నా చేతిలో సుద్దముక్క అడిగి తీసుకుని
నేను ఆపిన దాని పక్కన రాశాడు:

23 + □ = 24

"ఒకటి! ఒకటి!" అని అరిచారు.
"ఒకటి కాదు" అన్నాడు. "అదే. చెవి చిరిగింది."

చెవి సంగతి నేను ఊరికే అన్నాను.
వాడి మందలో నిజంగానే ఉందట.
పొద్దున కొండెక్కినవి ఇరవై నాలుగు.
ఏడాదికి పన్నెండు గొర్రెలు వాడి జీతం.
యజమానికి తెలిస్తే పన్నెండులోంచి తీసేస్తాడు.
ఎవరికీ చెప్పకుండా వచ్చి
లెక్కల మధ్య కూర్చున్నాడు, గంటన్నరగా.

సమీకరణం సరిగ్గా ఉంది.
కంబళి పక్కకి తీసి చూస్తే
బయట మంచు పడుతోంది.

లాంతరు త్సెలిసో అందుకున్నాడు.
ఎవరూ ఎవరినీ పిలవలేదు.
కర్రలు, కుక్కలు, దుప్పట్లు
అన్నీ కలిసి చీకట్లోకి దిగిపోయాయి.

పొనోని మాత్రం పట్టుకుని ఆపాను. చిన్నవాడు.
వాడు అలిగి బోర్డు దగ్గరికెళ్ళి
దుప్పటి కొసతో
= 24 ని తుడిచేశాడు.
"ఇంకా కాలేదు కదా టీచర్" అన్నాడు.

రాళ్ళ డబ్బాలు గాలికి కొంచెం ఊగాయి.
లోయకి అవతల ఎక్కడో కుక్క మొరిగింది.
మాదో కాదో
అంత దూరం నుంచి తెలియలేదు.