జడ పోయాక

బయలుదేరేటప్పుడు
అందరూ ఒక్కసారి వెనక్కి ఒరుగుతారు,
వద్దన్నట్టు.
ఆగేటప్పుడు ఒక్కసారి ముందుకు తూలుతారు,
అదీ వద్దన్నట్టే.
నా తల పైనున్న అద్దంలో
రోజుకి ఎన్నిసార్లు చూస్తానో లెక్కలేదు.

మెల్‌బోర్న్, సిడ్నీ రోడ్డు,
పంతొమ్మిదో నంబరు ట్రామ్ నాది.
సిడ్నీ రోడ్డుకి మెల్‌బోర్న్‌లో ఏం పనని అడక్కండి,
రాజాం రోడ్డు బొబ్బిలిలో లేదూ?

ఆ బొబ్బిలిలోనే
ఎనిమిదో తరగతికి సైన్సు చెప్పేదాన్ని.
గాజు గ్లాసు, దాని మీద పోస్టుకార్డు,
కార్డు మీద రూపాయి బిళ్ళ.
వేలితో మీటితే కార్డు ఎగిరిపోయేది,
బిళ్ళ టంగుమని గ్లాసులో పడేది.
వెనక బెంచీ పైడితల్లి లేచి అడిగింది:
"జడత్వమంటే బద్దకమేనేటి టీచరమ్మా?"

కాదన్నాను.
బద్ధకం మనిషిది, జడత్వం బరువుది.
పడుకున్నవాడికి ఎంతో
పరిగెత్తేవాడికీ అంతే.
పైడితల్లి తన జడని ముందుకి లాక్కుని
పరీక్షగా చూసుకుంది,
అందులోనూ ఉందేమోనని.
క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను.

ఇక్కడ ఆ మాట
ఇంగ్లీషు బట్టల్లో డిపో అంతా తిరుగుతుంది.
జిమ్ముకి పోవడం మానేసి రెండేళ్ళయినా
నెలనెలా డబ్బు కడుతున్న కానర్, "ఇనర్షియా" అంటాడు.
కుళాయి మూడేళ్ళుగా కారుతోంది లోర్నా ఇంట్లో,
"ఇనర్షియా."
టీ గదిలో డెస్పీనా:
"ముప్పై ఒక్కేళ్ళు.
ప్రేమా కాదు, భయమూ కాదు. ఇనర్షియా, అంతే."
అని టీలో చెంచా తిప్పి బయటికి తీసింది.
తీశాక కూడా టీ తిరుగుతూనే ఉంది.
అది చూడు, అందామనుకున్నాను.
అనలేదు.

గ్లాసొకటి తెచ్చి బోసిగా బల్ల మీద పెట్టాను.
దాని మీద నా ట్రామ్ కార్డు,
కార్డు మీద ఆవిడనే అడిగి తీసుకున్న
రెండు డాలర్ల బిళ్ళ.
మీటాను.
కార్డు వెళ్ళి ఫ్రిజ్ కింద దూరింది.
బిళ్ళ పడింది.
డెస్పీనా గ్లాసులోకి చాలాసేపు చూసింది.
"ఇందులో నేనేది?"
ఎనిమిదో తరగతి పుస్తకంలో దీనికి జవాబు లేదు.
బిళ్ళ తీసి జేబులో వేసుకుని డ్యూటీకి పోయింది.

మొన్న వేసవిలో జుట్టు కత్తిరించేశాను,
మెడ దాకా. కారణం ఎండే, ఇంకేం కాదు.
ఇప్పటికీ డ్రైవరు సీట్లో కూర్చోబోతే
నా కుడిచెయ్యి వెనక్కి పోయి,
వీపుకీ సీటుకీ మధ్య నలిగిపోతుందని
లేని జడని తీసి ముందుకి వేస్తుంది.
జడ పోయింది, జడత్వం మిగిలింది.
ఇది తెలుగులోనే నవ్వొస్తుంది.
డెస్పీనాకి ఎలా చెప్పను?

వానరాత్రి పట్టాలు జారతాయి.
స్టాపు ఇంకా దూరముండగానే పవర్ తీసేస్తాను.
ఇక నడిపేది నేను కాదు.
నలభై టన్నులు, దానికదే,
ఇందాకటి వేగాన్ని నమ్ముకుని పోతుంటుంది
మూసేసిన పెళ్ళిబట్టల దుకాణాల ముందునుంచి,
అద్దాల వెనక దీపాల్లో నిలబడ్డ
తల లేని పెళ్ళికూతుళ్ళ ముందునుంచి.
ఆ కాసేపూ నాకెంత ఇష్టమో ఎవరికీ చెప్పలేదు.
ఆపైన మీట నొక్కితే
చక్రాల ముందు గుప్పెడు ఇసుక రాలుతుంది.
అంత బరువునీ ఒప్పించేది ఆ గుప్పెడే.

నిన్న చివరి ట్రిప్పులో డెస్పీనా ఎక్కింది.
యూనిఫాం లేదు. చేతిలో సూట్‌కేసు.
ఎక్కడికని నేనడగలేదు, తను చెప్పలేదు.
హ్యాండిల్ నెమ్మదిగా నెట్టాను,
ఎప్పటికన్నా నెమ్మదిగా.
అద్దంలో ఉన్న ఆరుగురూ వెనక్కి ఒరిగారు.
సూట్‌కేసు తన చక్రాల మీద
వచ్చిన దారి వైపే దొర్లింది, కొంత దూరం.

కాలు అడ్డం పెట్టి ఆపింది.