అరవయ్యొకటి

మా డ్రిల్లు మాస్టారు జోగినాయుడు గారికి
పిల్లల పేర్లు గుర్తుండేవి కావు.
దాటిన ఎత్తులూ గుర్తుండేవి కావు.
ఎవరు ఎక్కడ బద్ద పడేశారో
ఆ అంకెతోనే పిలిచేవారు.
నేను అరవయ్యొకటి.
మీటరు మీద అరవయ్యొక్క సెంటీమీటర్లు,
మూడుసార్లు ఎగిరి
మూడుసార్లూ పడేశాను.

అప్పుడు తొమ్మిదో తరగతి.
కోటబొమ్మాళి దాటాక, జీడితోటల మధ్య మా బడి.
రెండు సరుగుడు గుంజలు,
మేకుల మీద వెదురు బద్ద,
వంశధార ఇసుక రెండు బళ్లు,
ఇసుక మీద గడ్డి కుక్కిన గోనెలు.
పొద్దుటే తాగిన చోడంబలి
పరిగెడుతుంటే కడుపులో కుండలా తొణికేది.

ఒకరోజు మాస్టారు బడి గోడ మీద
జేగురుతో అడ్డంగా గీత గీశారు.
నా నెత్తికి జానెడు పైన.
పక్కన రాశారు: ఒకటీ డెబ్బయ్యయిదు.
"ఎవులు దాటినారు మాస్టారూ?"
"ఎవులూ దాటలేదు గనకే గీసినాను."

మా అమ్మ విని నవ్వింది.
"ఆడగుంటకి గెంతడం నేర్పి
ఏటి సేస్తాడట? ఆకాసంల గూడు కడతాడా?"
నవ్వుతూనే
తన పాత లంగా కుచ్చిళ్లు విప్పి
నాకు మోకాలిదాకా నిక్కరు కుట్టింది.

ఆ ఏడాది ఎక్కడ చూసినా గీతే.
దడి, గట్టు, పంటకాలవ, కట్టేసిన పెయ్య,
దేన్ని చూసినా ముందు కాళ్లు లెక్కేసేవి.
ముప్ఫై. నలభై. నలభయ్యారు.
నలభయ్యారు దగ్గర నాలుగు నెల్లు ఇరుక్కున్నాను
దుక్కిలో దిగబడ్డ బండి చక్రంలా.

శ్రీకాకుళంలో జిల్లా పోటీలు.
ఏభయ్యెనిమిది దాటాను.
నా బతుకులో అదే ఎత్తు.
అరవయ్యొకటి దగ్గర
మొదటిసారి మడమ తగిలింది,
రెండోసారి నడుం.
మూడోసారి ఏదీ తగల్లేదనుకున్నాను.
వెల్లకిలా పడి పైకి చూస్తే
బద్ద కాసేపు ఆలోచించి
పడింది.

ఏడవడానికి గోడవార చేరినదాన్ని
ఏడుపు మరిచిపోయి చూశాను.
గెలిచిన పిల్ల, పాతపట్నం పిల్ల,
అరవయ్యయిదు దాటి కూడా ఊరుకోలేదు.
డెబ్బై పెట్టించుకుంది.
పడేసింది. పడేసింది.
మళ్లీ పడేసింది.
అప్పుడు పిలిచి మెళ్లో పతకం వేశారు.

ఈ ఆటలో గెలిచినవాళ్లు కూడా
ఆఖరికి బద్ద పడేసే ఇంటికెళ్తారు.
ఎక్కడ పడేశావన్నదే
అడగాల్సిన మాట.

మాస్టారు ఏమీ ఓదార్చలేదు.
జేబులోంచి వేరుసెనగ్గింజలు తీసి
నా గుప్పెట్లో పోశారు.
"తిను, అరవయ్యొకటీ" అన్నారు.

ఇప్పుడు టెక్కలి డిపోలో కండక్టర్ని.
టికెట్ల మిషను నెత్తి మీద పట్టుకుని
ముందు డోరు నుంచి వెనక డోరుకి ఈదుతాను.
ఈ ఉద్యోగానికీ రెండుసార్లు తప్పాను.
మూడోసారి చెయ్యి వణకలేదు,
మూడో ఎగురు నాకు పాత చుట్టం.

మొన్న నరసన్నపేటలో మాస్టారు ఎక్కారు.
చేతిలో కర్ర, చెవిలో మిషను.
"ఏటే అరవయ్యొకటీ! గీత ఉందా?"
బస్సంతా తిరిగి నన్ను చూసింది,
నా వయసనుకున్నారు కాబోలు.
"ఉంది మాస్టారూ.
మూడుసార్లు సున్నం కొట్టినారు.
గోడ వానకి నానితే
జేగురు మళ్లీ పైకొస్తంది."

అబద్ధం కాదు, కిందటి వారమే చూశాను.
బడి దగ్గర టైరు పంక్చరైంది.
దిగి వెళ్లి ఆ గోడకి వీపు ఆనించి నిలబడ్డాను.
అప్పటికంటే నేను పెరిగాను,
కానీ గోడ కింది మట్టి
వానలకి కోసుకుపోయింది.
గీత ఇంకా జానెడు పైనే ఉంది.

డ్రైవరు హారన్ కొట్టాడు.
బడికీ రోడ్డుకీ మధ్య పంటకాలవ.
అందరూ వెళ్లేది సిమెంటు పలక మీదుగానే,
కాస్త చుట్టు తిరగాలి.
ఖాకీ కోటు, క్యాష్ బ్యాగు,
నలభయ్యెనిమిదేళ్ల మోకాళ్లు.

కాళ్లు
అప్పుడే లెక్కేసేశాయి.