నిద్ర పట్టిందా

బుహేరాలో పొద్దున్నే ఎవరెదురైనా
అరచేతులు మెల్లగా తట్టి అడుగుతాం:
"రాత్రి నిద్ర పట్టిందా?"
జవాబు మా పుట్టుకకు ముందే తయారై ఉంది:
"పట్టింది, మీకు పట్టి ఉంటే."

ఆ "ఉంటే" మీదే నిలబడింది మా ఊరు.
బీరు కుండ చుట్టూ ఇరవైమంది చేరితే
విధవరాలి చేను మధ్యాహ్నానికల్లా కలుపు తేరుతుంది.
తలుపేసుకుని తిన్నవాణ్ణి
మా భాషలో మనిషి అనరు.

వానలు ఎగ్గొట్టిన ఏడు
పెద్దాయన గాదెలో రెండు బస్తాల రాగులు పోయాయి.
నది అవతలి నుంచి వచ్చిన చాపలల్లేవాడు
దొంగ అయ్యాడు, ఒక్క సాయంత్రంలో.
చేతులెత్తమన్నారు, ఎత్తాం.
హజ్వినెయి కూడా ఎత్తింది.
చీకట్లో కూతురి చెయ్యి పట్టుకుని
వాడెలా వెళ్ళాడో
ఎవరికీ పట్టలేదు.

తెల్లారి చేతిపంపు దగ్గర అడిగాను, అలవాటుగా.
"పట్టలేదు," అంది హజ్వినెయి.
వరసలో పదకొండు బిందెలు.
అడిగిన ప్రతివాళ్ళకీ అదే మాట.
"ఊరి నుంచి విడిపోతున్నావే," అంది మా అత్త.
"విడిపోయేదాన్నయితే పట్టిందనే చెబుదును.
పరాయివాళ్ళతో ఎవరైనా అదే అంటారు."

బిందె నిండి పొర్లుతున్నా
పంపు కొడుతూనే ఉంది.

నలుగురం సావే ఒడ్డుకి వెళ్ళాం.
ఇసకలో పెద్ద పాదాలు, పక్కనే చిన్నవి,
నీళ్ళ దాకా.
కేకేశాం. పేరు తెలీదు కదా,
"ఓ చాపలాయనా" అని.

ఇప్పటికీ పొద్దున్నే జవాబిస్తాను.
"ఉంటే" దగ్గర
నాలుక కాస్త ఆగుతుంది.