పది లెక్కపెట్టేలోగా

చలికి ఇది పలకదు.
అందుకే స్వెటరు లోపల, చంక కింద పెట్టుకుని కొండెక్కుతాను
గూట్లోంచి జారిన పిట్టపిల్లని వెచ్చబెట్టినట్టు.
సావ్ జోర్జ్ దీవి మీద ఫిబ్రవరి మంచు
కంచె వెంట హైడ్రాంజియా మోళ్ళని ఒక్కొక్కటే మింగుతూ వస్తోంది.
కింద సముద్రం ఉందని చప్పుడే చెప్పాలి.

సెరేజా ఈని తొమ్మిది రోజులు.
జున్నుపాలు అయిపోయాయి, పొదుగు పొంగుతోంది.
క్యాను ఎత్తుతూ లారీ డ్రైవరు జెర్వాసియో ఈల వేస్తాడు.
దాణా తొట్టి దగ్గర మాత్రం
పెళ్ళిలో అలిగిన వియ్యపురాలిలా మూతి తిప్పుకుంటోంది.

మా అమ్మకి ఈ డబ్బాతో పనుండేది కాదు.
ఆవు ముట్టె దగ్గర ముఖం పెట్టి ఒక్కసారి పీల్చి
"దీని ఊపిరిలో బేరిపండు మాగింది" అనేది.
పాకం కలిపి పట్టించేది.
కొన్ని బతికేవి.
కొన్నిటికి వాసన తేలేసరికే పొద్దుపోయేది.
వాటి ఊసు ఎత్తేది కాదు,
వాటి పేర్లు మళ్ళీ ఏ పెయ్యకీ పెట్టేది కాదు.

ఆ ముక్కు నాకు రాలేదు.
వచ్చిన కాస్తా మూడేళ్ళ కిందటి జ్వరంలో పోయింది.
ఇప్పుడు కాఫీ కూడా వేడినీళ్ళే.

ఇదివరకు సీసాలో రక్తం పట్టి పడవకిచ్చేవాళ్ళం.
ల్యాబు అవతలి దీవిలో.
గాలి బాగుంటే నాలుగు రోజులు.
గాలి బాగాలేని ఒక వారం
కాగితం వచ్చింది, మడత విప్పాను,
"పశువుని గమనిస్తూ ఉండండి" అని ఉంది.
బొనేకాని పాతిపెట్టి అప్పటికి రెండు రోజులు.

"ఇది మీ ఇంట్లో ఉన్నదే కదా, దోనా లియొంతీనా,
మీ చక్కెర జబ్బుది. పట్టీ మారిస్తే చాలు"
అన్నాడు పశువుల డాక్టరు ఎవరిస్తో.
నవ్వాను. నా మిషను ఆవుకా?
ఆయన నవ్వలేదు.

తోక ఎత్తాను.
ఎముకల సందు వేలికి తగిలింది. సన్నటి సూది.
సెరేజా బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మార్చుకుంది, అంతే.
ఆవగింజంత ఎరుపు.
పట్టీ దాన్ని తనంతట తానే పీల్చుకుంది, దూడకన్నా ఆత్రంగా.

పది. తొమ్మిది. ఎనిమిది.
ఇలాంటప్పుడు ఎవరికైనా దేవుడు గుర్తొస్తాడు.
నాకు పాల లెక్క గుర్తొచ్చింది: పొద్దున పద్దెనిమిది లీటర్లు.
మేత ముట్టనిది ఎక్కణ్ణించి తెచ్చింది ఇన్ని?
వీపులోంచి, తుంటిలోంచి, తన కొవ్వు కరిగించి.
కట్టెలు లేవని ఇంటి దూలం విరిచి పొయ్యిలో పెట్టి
వంట మాత్రం ఆపని మనిషిలా.
మూడు. రెండు.

ఒకటి పాయింటు తొమ్మిది.

ఒకటి పాయింటు రెండు దాటితే పట్టించమని
పాక గోడ మీద బొగ్గుతో రాసి ఉంది, ఎవరిస్తో చేతిరాత.
ఇంకా ఏ వాసనా పుట్టి ఉండదు.
అమ్మ ముక్కు కూడా ఇవాళ ఏమీ లేదనే అనేది.
అది తలుచుకుని కాసేపు
తోక పట్టుకునే నిలబడ్డాను.

దవడ పక్కనుంచి సీసా మూతి దూర్చి తియ్యటి మందు పోశాను.
తుమ్మింది. సగం నా మొహాన.
పెదవికి అంటింది నాకాను.
తీపి ఒక్కటి ఇంకా తెలుస్తుంది నాకు,
వద్దన్నది అదొక్కటే.

మెట్టు మీద కూర్చుని నా పట్టీ పెట్టి నా వేలూ పొడుచుకున్నాను.
రెండు వందల నలభై.
దాని రక్తంలో ఉండాల్సిన చక్కెర లేదు,
నా రక్తంలో ఉన్నది నాకు పనికి రాదు.
ఇద్దరం పంచుకునే వీలుంటే
ఈ పాకలో ఒక ఆవూ ఒక మనిషీ ఆరోగ్యంగా ఉండేవాళ్ళం.

మంచులో పుస్తకం సరిగా కనపడక
నా అంకె కూడా ఆవుల వరసలోనే రాసేశాను.
రేపు ఎవరిస్తో చూసి అడుగుతాడు
ఈ రెండు వందల నలభై ఏ ఆవుది అని.

చెప్తాను: ముసలిది,
పాలు లేవు,
మేత మాత్రం మానలేదు.